పువ్వు విడవని పండగ

నేను ఒక పువ్వునని దూరం నుంచి చూసినవాళ్లు అనుకుంటారు. పువ్వును కాదు, పువ్వు అచ్చును. ఇత్తడితో పోసిన ఎనిమిది రేకులు, మధ్యలో చిన్న గుండ్రం, వెనక జానెడున్నర ఇనుప కాడ, కాడ చివర చెక్క పిడి. కాగిన నూనెలో నన్ను కాసేపు ఉంచి, బియ్యప్పిండి జారులో అంచుదాకా మాత్రమే దించి, మళ్లీ నూనెలో పెడతారు. ఒంటికి పట్టిన పిండి పొంగి, గట్టిపడి, నన్ను విడిచి నూనెమీద తేలుతుంది. దాన్ని గులాబీ పువ్వంటారు. కోస్తా ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ వచ్చిందంటే అరిసెల పక్కన, కజ్జికాయల పక్కన ఈ పువ్వు ఉండాల్సిందే.

వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఆ విడవడం ఉంది చూశారూ, నా ప్రాణమంతా అక్కడే వేలాడుతుంది. పిండి ఒంటికి పట్టిన క్షణం నుంచి అది జారిపోయేదాకా, ఈసారి విడుస్తుందా లేదా అన్న దిగులే. మనిషి రోజుకొకసారి ఇంత భయపడితే మనోవ్యాధి అంటారు. నేను ఒక్క పూటలో మూడొందల సార్లు భయపడతాను. దాన్ని పిండివంట అంటారు.

నేను ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. బ్రహ్మలింగం అనే కంచరి తడి ఇసకలో నా ఆకారం అద్ది, కరిగిన ఇత్తడి పోశాడు. నాకు ముందు పోసిన మూడింటికి రేకులు తెగిపోయాయి. వాటిని మళ్లీ మూసలో పారేయడం చూస్తూ నేను చల్లారాను. పుట్టుకతోనే భయం అలవాటైందని అందుకే అంటాను. అక్కణ్ణుంచి బాపట్లలో ఒక గిన్నెల కొట్టుకు చేరి, గరిటెల మధ్య వేలాడుతూ ఉంటే, దోర్కమ్మ వచ్చింది.

దోర్కమ్మది దీనాపురం. బాపట్లకు దక్షిణాన ఇసక నేలలో అరవై గడపల పేట. ఆడా మగా పొలం పనులకు పోయేవాళ్లు. దోర్కమ్మ పెళ్లికి ముందు మిషన్ ఆసుపత్రి వంటింట్లో పనిచేసింది. అక్కడ ఒక నర్సమ్మ దగ్గర ఈ పువ్వులు నేర్చుకుంది. పెళ్లయి దీనాపురం వచ్చిన ఏడాదే నన్ను కొనుక్కుంది. మూడు రోజులు నూనెలో నానబెట్టింది. మొదటి ఇరవై పువ్వులూ విరిగిపోయాయి. ఇరవై ఒకటోది విడిచింది. ఆమె నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, ఇరవై రెండోదాని సంగతి ఆలోచిస్తున్నాను.

ఆమెకో నియమం ఉండేది. నన్ను తోమకూడదు. సబ్బూ వద్దు, బూడిదా వద్దు, చింతపండు అసలే వద్దు. పని కాగానే గుడ్డతో తుడిచి, పాత చీరముక్కలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టేది. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన ఆ నూనె పొరే పిండిని జారనిస్తుంది. ఇత్తడి సామాను నల్లగా ఉంచుతావేమని కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలెవరైనా అడిగితే, "మెరిసే అచ్చు పువ్వు విడవదే" అనేది. ఆ మాట పేటలో ఆడవాళ్లందరికీ వచ్చు.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక మందిరం ముందు పందిట్లో ప్రేమవిందు. పేటంతా బంతులు తీరి కూర్చునేది. పలావు, వేటకూర, గుత్తివంకాయ, పప్పుచారు. తిని చేతులు కడుక్కుని వెళ్లేటప్పుడు గేటు దగ్గర దోర్కమ్మ గంప పెట్టుకుని కూర్చునేది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గులాబీ పువ్వు. ముసలీ ముతకా, చంటిపిల్లలు, పైఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, అందరికీ. భర్త పోయిన ఏడాది కూడా ఆమె ఆ గంప మానలేదు. ముప్పై ఏళ్లు అలా గడిచాయి. పొలంలో ఆమె పదిమందిలో ఒక కూలి. ఆ గేటు దగ్గర మాత్రం దోర్కమ్మ.

ఆమెకు ఒక్కడే కొడుకు, యోనా. రైల్వేలో గ్యాంగుమన్‌గా కాజీపేటలో పనిచేసి, బాపట్లకు బదిలీ చేయించుకుని వచ్చాడు. వస్తూ వస్తూ జనగామ దగ్గరి పిల్లను పెళ్లి చేసుకుని వచ్చాడు. పేరు సలోమి. గట్టి మనిషి. చేతులు ఖాళీగా ఉండవు, నోరు కూడా.

మొదటి క్రిస్మస్‌కే తేడా వచ్చింది. పండక్కి గారెలు చేస్తానంది సలోమి. సరేనని అత్త మినప్పప్పు నానబోసింది. తీరా చూస్తే కోడలు బియ్యప్పిండిలో కారం, నువ్వులు, సెనగపప్పు కలిపి పల్చగా తడుతోంది. వాళ్ల వైపు గారెలంటే అవేనట. వీటిని మేము చెక్కలంటామని అత్త చెబితే, మరి మీ గారెలను మేం వడలంటామని కోడలంది. రుబ్బిన పప్పు ఏంచెయ్యాలో తెలియక ఇద్దరూ చాలాసేపు దానివంక చూస్తూ నిలబడ్డారు. మనుషులు ఒకే భాష మాట్లాడుకుంటున్నామనుకోవడం ఎంత పెద్ద నమ్మకమో నాకు ఆ రోజు తెలిసింది.

రెండో ఏడు సలోమి సకినాలు చేసింది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి, పరిచిన గుడ్డమీద వేళ్లతో తిప్పుతూ చుట్టలు చుట్టలుగా అల్లింది. పేటలో ఎవరూ ఎరగని వంట. పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి చూశారు. పాస్టరు సమూయేలు అయ్యగారు నాలుగు తిని, ఇంకో నాలుగు పొట్లం కట్టించుకున్నారు. గేటు దగ్గర దోర్కమ్మ గంపలో ఆ ఏడు పదో పన్నెండో పువ్వులు మిగిలాయి. అంతకుముందెన్నడూ మిగల్లేదు. ఆమె వాటిని లెక్కపెట్టనట్టే నటిస్తూ గుడ్డ కప్పేసింది.

మూడో ఏడు డిసెంబరులో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అయ్యగారు నవ్వుతూ ఒక మాట అన్నారు. దోర్కమ్మకు చూపు మసకబారింది కదా, ఈసారి గులాబీ పువ్వులు కూడా కోడలమ్మ చేతివి తిందామని. మంచి ఉద్దేశంతోనే అన్నారు. పెద్దామెకు శ్రమ తగ్గుతుందనుకున్నారు. అందరూ తలలూపారు. దోర్కమ్మ కూడా ఊపింది.

ఇంటికొచ్చి నా డబ్బా ముందు కూర్చుంది. మూత తీయలేదు. చాలాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయింది. నాకెందుకో మనసు పాడైంది.

పండగకు మూడు రోజుల ముందు, సలోమి బియ్యం మర పట్టించుకు రావడానికి వెళ్లినప్పుడు, దోర్కమ్మ నన్ను బయటికి తీసింది. పెరట్లో నీళ్లతొట్టి దగ్గరికి తీసుకెళ్లింది. ఒక చేతిలో నానిన చింతపండు పిప్పి ఉంది. నేను నమ్మలేదు. చింతపండు, ఉప్పు వేసి రుద్దింది. తర్వాత బూడిద. తర్వాత సబ్బు. ముప్పై ఏళ్ల నూనె పొర ఒక్కొక్క పొరగా పోతుంటే నాకు చర్మం ఒలిచినట్టయింది. రేకు రేకునా వేలుపెట్టి తోమింది. తోముతున్నంతసేపూ పెదాలు బిగించుకుని ఉంది. ఒకసారి ఆగింది. నన్ను ఎండకెత్తి చూసింది. ఆగిపోతుందేమోనని ఆశపడ్డాను. మళ్లీ మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున నన్ను కోడలి చేతికిచ్చి, నువ్వే చెయ్యమ్మాయ్ అంది.

సలోమి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ముఖంలో వచ్చిన సంతోషాన్ని నేను మరిచిపోలేను. రెండేళ్లుగా నేను నల్లగా ఉండటమే ఆమె చూసింది. తనకివ్వబోతూ అత్త తోమి మెరిపించిందనుకుంది. చింతపండు వాసన ఇంకా పోలేదు. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని, బంగారం లెక్క చేసినవ్ అత్తమ్మా అంది. దోర్కమ్మ తల తిప్పుకుంది. సలోమి ఆ రెండేళ్లూ అత్త చేస్తుంటే చూసి పని నేర్చుకుంది. పిండి ఎంత జారుగా ఉండాలో, ఎంతదాకా ముంచాలో అన్నీ చూసింది. కానీ ఆ నలుపు సంగతి ఆమె అడగలేదు, అత్త చెప్పలేదు. తోమకపోవడాన్ని ఎవరు మాత్రం చూడగలరు?

వసారా చివర పొయ్యి వెలిగించింది. మూకుడు నిండా నూనె. నన్ను అందులో పెట్టింది. జారులో ముంచింది. పిండి నన్ను పట్టుకుంది, మామూలుగా కాదు, మునిగేవాడు గట్టును పట్టుకున్నట్టు. నూనెలో పెట్టి ఆడించింది. విడవలేదు. నూనె కాగలేదేమోననుకుని ఇంకో రెండు కట్టెలు ఎగదోసింది. అట్లకాడతో గీకి మళ్లీ ముంచింది. రెండోది కూడా అంటుకుపోయింది. నూనె పొగలు చిమ్ముతోంది. మూడోది పట్టుకునేసరికి ఆమె నుదుటిన చెమట కారుతోంది.

దోర్కమ్మ వసారా ఆ చివర్న కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు చేట ఒళ్లో పెట్టుకుని ఉంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"అత్తమ్మా, జర ఇటు రా. పువ్వు విడుస్తలేదు," అంది సలోమి.

దోర్కమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా, తొందరేం లేనట్టు వచ్చింది. ఆమె ముఖం నాకు దగ్గరగా కనిపించింది. ముప్పై ఏళ్లనాడు ఇరవై ఒకటో పువ్వు విడిచినప్పటి ముఖమే అది. ఇటు తేవే అంటూ వంగి పిడి పట్టుకుంది. సలోమి ఇంకా వదల్లేదు. పిడి పిండితో, నూనెతో జిడ్డుగా ఉంది. ఇద్దరి చేతుల మధ్య నుంచి జారి నేను మూకుట్లో పడ్డాను. నూనె ఎగిరింది.

దోర్కమ్మ కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా కాలిపోయింది.

కేక విని, దడి అవతల బట్టలారేస్తున్న రాహేలమ్మ తిరిగి చూసింది. పక్కింటి మనిషి ఆమె. ఆమెకు కనిపించింది ఇంతే. అత్త నేలమీద పడి ఉంది. కోడలు అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. సలోమి కుండలో నీళ్లన్నీ ఆ చేతిమీద పోసింది. తర్వాత పేటంతా తలా ఒక వైద్యం చేశారు. ఒకరు నీలం సిరా పోశారు, ఒకరు పళ్లపేస్టు పూశారు, ఒకరు పసుపు. రిక్షా వచ్చేసరికి ఆ చెయ్యి రంగురంగులుగా ఉంది. ఆసుపత్రిలో గాయానికి కట్టు కట్టడం కన్నా ముందు ఆ రంగులు కడగడానికే ఎక్కువ సేపు పట్టిందని యోనా తర్వాత చెప్పాడు.

నేను మాత్రం నూనె చల్లారేదాకా మూకుడు అడుగున ఉన్నాను, నల్లగా మాడిన సగం పువ్వును కరుచుకుని. సాయంత్రం సలోమి తీసి కిటికీలో పెట్టింది. గీకలేదు, తుడవలేదు. అక్కణ్ణుంచి నాకు వీధి కనిపించేది. మాటలు వినిపించేవి.

రాహేలమ్మ అబద్ధం చెప్పలేదు. ఎలా పడిందో తను చూడలేదుగానీ కోడలి చేతిలో అట్లకాడ చూశానని మాత్రమే చెప్పింది. ఆ మాట బోరింగు దగ్గరికి చేరేసరికి అట్లకాడతో తోసిందయ్యింది. పండగ రోజు పొద్దుటికి నూనె పోసిందయ్యింది. అసలే ఆ పిల్ల మనవైపుది కాదు, మొదట్నుంచీ అత్తా కోడళ్లకు వంటల దగ్గర పడేది కాదట, అని చేర్చారు. నిజం మొత్తం తెలిసినవి ఈ లోకంలో రెండే. ఒకటి ఆసుపత్రి మంచంమీద ఉంది. రెండోదానికి నోరు లేదు. కిటికీలో కూర్చుని ప్రతి మాటకూ కుమిలిపోవడం తప్ప నేనేం చెయ్యగలను?

క్రిస్మస్ జరిగింది. విందు జరిగింది. గేటు దగ్గర ఎవరూ కూర్చోలేదు. అయినా అలవాటు కొద్దీ చాలామంది గేటు దాటేటప్పుడు చెయ్యి చాపి, గుర్తొచ్చి ముడుచుకున్నారట.

సలోమి రోజూ గంజి కాచి ఆసుపత్రికి తీసుకెళ్లేది. దోర్కమ్మ ఆమె చేత్తోనే తాగేది, గోడవైపు చూస్తూ. సంఘంలో ఆడవాళ్లు యాపిల్ పళ్లు పట్టుకుని బారులు తీరారు. ప్రార్థనలు చేశారు. ఆమె పువ్వుల్లేని క్రిస్మస్ క్రిస్మసే కాదన్నారు. ముప్పై ఏళ్లలో ఆమె ఇన్ని మంచి మాటలు ఒక్కసారిగా వినలేదు. ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, ఏమో, నాకేం గుర్తులేదనేది. యోనా ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే కిటికీలోంచి విన్నాను. కోడలు తోసిందని ఆమె అనలేదు. తోయలేదని కూడా అనలేదు.

యోనా చెడ్డవాడు కాదు. కానీ గొడవంటే భయం. రైలుపట్టాల మీద ఎంత బరువైనా మోస్తాడు, నలుగురి మాట మాత్రం మోయలేడు. ఒక రోజు పొద్దున భార్యతో, కొన్నాళ్లు మీ ఊరెళ్లి రమ్మన్నాడు, అన్నీ సద్దుమణిగాక తనే వచ్చి తీసుకొస్తానన్నాడు. సలోమి అతని ముఖంలోకి చూసింది. అలా వెళ్లినవాళ్లను తీసుకురావడం ఎప్పటికి జరుగుతుందో ఆమెకు తెలుసు. ట్రంకుపెట్టె కిందికి దించి బట్టలు సర్దింది.

"బల్ల ఆదివారం దాకా ఉంట," అంది. "దొంగ లెక్క పోను."

బల్లంటే ప్రభువు బల్ల. నెల మొదటి ఆదివారం సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం. పెద్ద తప్పు చేసినవాళ్లను అందులో చెయ్యి పెట్టనివ్వరు. ఒకసారి బల్లకు దూరం పెడితే ఆ మనిషితో పేటలో ఎవరూ కలవరు. ఆసుపత్రి నుంచి దోర్కమ్మను ఇంటికి పంపేశాక, ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం, అయ్యగారూ ఇద్దరు సంఘపెద్దలూ దోర్కమ్మ వాకిట్లోకే వచ్చారు. దడి పొడుగునా ఆడవాళ్లు నిలబడ్డారు. పెద్దల్లో ఒకాయన ఆ అచ్చు కూడా తెమ్మన్నాడు. నన్ను తెచ్చి ముక్కాలిపీట మీద పెట్టారు. మాడిన పువ్వు ఇంకా నా ఒంటికే ఉంది. ఆ పెద్దమనిషి నన్ను ఎత్తి, తిప్పి చూసి, అంతా అర్థమైనట్టు తలాడించి పెట్టేశాడు. ఆయన జీవితంలో గులాబీ పువ్వులు కొన్ని వందలు తిని ఉంటాడు. అవెలా ఊడివస్తాయో ఒక్కనాడూ అడిగి ఉండడు.

అయ్యగారు ఇబ్బందిగా కదిలారు. తప్పు పట్టడానికి రాలేదని, జరిగింది జరిగినట్టు చెప్పమని సలోమిని అడిగారు.

సలోమి నిలబడే చెప్పింది. మూడు సార్లు ముంచితే మూడు సార్లూ అంటుకుపోయిందని, అత్తమ్మను పిలిచానని, ఇద్దరూ పట్టుకుంటే పిడి జారిందని. అంతకు మించి ఏం లేదంది.

మీ ఇద్దరికీ పడదని అందరూ అంటున్నారు గదా అన్నాడు నన్ను తిప్పి చూసిన పెద్దమనిషి.

"ఎవలన్నరు?" అంది సలోమి. "పడకపోతే ఆమె అచ్చు నా చేతికెందుకిస్తది? ముందురోజు ఆమెనే కూసొని చింతపండు పెట్టి తోమింది. బంగారం లెక్క చేసిచ్చింది. మా అమ్మ సుత నాకు గట్ల ఏదీ తోమియ్యలే."

మగవాళ్లు ముగ్గురూ ఆ తర్వాతి మాట కోసం చూస్తున్నారు. అందులో ఏముందో వాళ్లకు తెలియలేదు.

దడి దగ్గర మాత్రం అలికిడి ఆగిపోయింది. రాహేలమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కనామె నావైపు చూసింది, మాడిన పువ్వు అంచున ఇంకా మెరుస్తున్న ఇత్తడి వైపు. తర్వాత ఒక్కొక్కరే దోర్కమ్మ వైపు చూసి, చూపు దించుకున్నారు. వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది, ఆ మాట అన్న సలోమికి తప్ప. ఎవరూ నోరు విప్పలేదు. రాహేలమ్మ చెప్పేస్తుందేమోనని కొంతసేపు, ఎవరూ చెప్పరేమోనని కొంతసేపు నేను అల్లాడిపోయాను. చూపు మసక, మతిమరుపు, ఏదో అనుకుని తోమేశాను, అంటే దోర్కమ్మకు సరిపోతుంది. ముసలామెను ఎవరు కాదంటారు?

దోర్కమ్మ కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని మంచంమీద కూర్చుని ఉంది.

"అయ్యగారూ, ఆ పిల్లని కూర్చోమనండి," అంది. "నిలబడాల్సింది నేను."

లేచే ప్రయత్నం చేసింది. ఆనుకుందామంటే అది కాలిన చెయ్యి. కూర్చునే చెప్పింది.

"అచ్చు తోమకూడదయ్యా. తోమితే విడవదు. ఈ పేటలో అందరికీ ఆ మాట చెప్పింది నేనే. తెలిసే తోమాను."

అయ్యగారికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఎందుకమ్మా అని అడిగారు.

"నాలుగు పువ్వులు పాడైతే, అత్తా ఇటు రా అని పిలుస్తుందనుకున్నా," అంది దోర్కమ్మ. కొంచెం ఆగింది. "పిలిచింది."

ఆమె ఏడవలేదు. సలోమి కూడా ఏడవలేదు. సలోమి లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెచ్చి వసారాలో పెట్టి, దానిమీద కూర్చుంది. వెళ్లిపోతుందనే అందరూ అనుకున్నారు. జనం చెదిరిపోయేదాకా అలాగే కూర్చుంది. పోతూ పోతూ రాహేలమ్మ ఆమె దగ్గర ఆగి, అట్లకాడ సంగతి నేనే అన్నానమ్మా, తప్పయిపోయింది అంది. సలోమి నువ్వు చూసిందే చెప్పినవ్ గదా అంది, అంతే.

యోనా పెట్టె లోపల పెట్టబోయాడు. ఆమె పెట్టె మీంచి లేవలేదు.

"ఆమె నాతోని పిలిపించుకోవాల్నని తోమింది. నువ్వు నన్ను పంపియ్యాల్నని చూసినవ్," అంది. "మీ అమ్మ మీద కోపం ఎప్పుడో ఒకనాడు పోతది. నీ మీదిదే ఎప్పుడు పోతదో తెల్వదు."

యోనా పొయ్యి దగ్గరికి వెళ్లాడు. ఆ పూట వంట అతనే చేశాడు. తర్వాత కూడా చాలా పూటలు చేశాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా ఇద్దరు ఆడవాళ్లూ ఏమీ అనకుండా తిన్నారు. ఆ ఇంట్లో అప్పట్లో ఎవరికీ ఎవరిని విసుక్కునే హక్కు ఉన్నట్టు లేదు.

మర్నాడు బల్ల దగ్గర దోర్కమ్మ తనంతట తనే రొట్టె వద్దంది. సలోమి దాకా పళ్లెం వచ్చింది. ఆమె కూడా పుచ్చుకోలేదు. అయ్యగారు ఆశ్చర్యంగా చూసి, నీకేం అడ్డు లేదుగా అమ్మా అంటే, మనసు బాగలేదయ్యగారూ అని పళ్లెం పక్కకు జరిపిందట. దడి అవతల ఆడవాళ్లు ఆ మాట చెప్పుకుంటుంటే విన్నాను.

ఏడాది గడిచింది. అంత పొడుగాటి ఏడాది నేను ఎరగను. సలోమి నన్ను నీళ్లలో నానబెట్టి, మాడిన పువ్వును ఊడదీసి, గోడ మేకుకు తగిలించింది. డబ్బాలో అయితే చీకటి, ఏం తెలిసేది కాదు. మేకు మీద అన్నీ కనిపిస్తాయి. రోజూ పొద్దున సలోమి అత్త చేతి కట్టు విప్పి, కడిగి, మందు రాసి, మళ్లీ కట్టేది. ఒక్క మాట ఉండేది కాదు. గాయం మానింది గానీ చర్మం బిగిసి వేళ్లు ముడుచుకోలేదు. నా పిడిని పట్టుకునే చెయ్యి అది. ఇక పట్టుకోలేదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం.

డిసెంబరు వచ్చింది. గంప సంగతి అడగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఒక పొద్దున సలోమి బియ్యం కడిగి నానబోసింది. నన్ను దింపుతుందా? దింపితే ఏమవుతుంది? ఆమె నావైపు చూడలేదు. తడి బియ్యం దంచించి, నువ్వులు, వాము కలిపి, వసారా నిండా తెల్లగుడ్డ పరిచింది. సకినాలు తిప్పడం మొదలుపెట్టింది.

దోర్కమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. ఒక వరస అయింది. రెండో వరస అయింది. సలోమి తల ఎత్తలేదు. పిండి ముద్ద ఒకటి తీసి తన ఎదుట గుడ్డమీద పెట్టి, చేతులు దులుపుకుంది.

"అత్తమ్మా, ఇటు రా," అంది.

దోర్కమ్మ కదల్లేదు. కుడిచెయ్యి చూపించి, ఇది పనికి రాదే అంది.

"ఎడమ చేతితోని తిప్పు. నాకు నేర్పేటప్పుడు మా నాయనమ్మ నా కుడిచెయ్యి కట్టేసి నేర్పింది. రెండు చేతులకు రావాల్నని."

అది నిజమో, అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. దోర్కమ్మ వచ్చి కూర్చుంది. ఎడమచేతి వేళ్ల మధ్య పిండి తెగిపోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ తెగింది. సలోమి ఆమె వేళ్లమీద తన వేళ్లు పెట్టి నెమ్మదిగా తిప్పించింది. చివరికి గుండ్రమూ కాని, కోడిగుడ్డు ఆకారమూ కాని ఒక చుట్ట తయారైంది. దోర్కమ్మ దాన్ని చెరిపేయబోతే సలోమి చెయ్యి పట్టుకుంది. అప్పుడు ముసలామె ఏడ్చింది. పిండిలో పడకుండా ముఖం భుజానికి తుడుచుకుంటూ చాలాసేపు ఏడ్చింది. సలోమి ఊరుకోమని అనలేదు. తన వరస తను తిప్పుకుంటూ పక్కనే ఉంది.

ఆ క్రిస్మస్‌కు గేటు దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. గంప నిండా సకినాలు. నన్ను తిప్పి చూసిన పెద్దమనిషి ఒకటి కొరికి, పళ్లు లేనివాళ్లకు కష్టమే అన్నాడట, రెండోది తీసుకుంటూ. జనవరి మొదటి ఆదివారం అత్తా కోడళ్లు ఒకే వరసలో మోకరించి బల్ల పుచ్చుకున్నారు. వాళ్ల పక్కన యోనా కూడా.

ఇదంతా జరిగి ఆరేళ్లయింది. నేను ఇంకా మేకుమీదే ఉన్నాను. పాత ఇత్తడికి స్టీలు గిన్నెలిచ్చే మనిషి వీధిలో కేకేసుకుంటూ వచ్చినప్పుడల్లా నాకు ప్రాణం గిలగిల్లాడుతుంది. అజ్జరంలో చూసిన మూస గుర్తొస్తుంది. నేను చేసిన తప్పేమిటి, పట్టుకోమంటే పట్టుకున్నాను, అని ఒకప్పుడు నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనుకోను. నావల్ల కాలిన చెయ్యి రోజూ నా కళ్లముందే తిరుగుతుంది.

నిన్న సలోమి పీట వేసుకుని నన్ను దింపింది. ఏటా డిసెంబరులో ఒకసారి దింపుతుంది. నువ్వులనూనెలో ముంచిన గుడ్డతో రేకు రేకూ తుడుస్తుంది. ఆరేళ్లలో నేను మళ్లీ నల్లబడ్డాను. దోర్కమ్మ మంచం మీంచి, చూపు దాదాపు ఆనని కళ్లతో ఆ అలికిడి విని, ఈ ఏడు చేస్తావా అని అడిగింది.

సలోమి నన్ను వెలుతురుకెత్తి చూసింది. బొటనవేలితో ఒక రేకు అంచు తడిమింది. తనకింకా మూకుట్లో నూనె ఎగరడమే కనిపిస్తోందని, చల్లటి ఇత్తడి మీంచి ఆ వేలిని చటుక్కున వెనక్కి తీసుకోవడంలో నాకు తెలిసింది.

"చూద్దాం తియ్ అత్తమ్మా," అంది.

ఇంకో వరస నూనె రాసి, మళ్లీ మేకుకు తగిలించింది. ఆమె నన్ను ఇంకా నమ్మలేదు. కానీ ఎండిపోనివ్వడం లేదు.